మలద్వారం గుండా పేగులోకి నీళ్లెక్కించే ఎనిమా డబ్బా ఇంటిల్లిపాదికీ ఒకటే వాడుతున్నారా?

పెద్దపేగు నిండా ఎలాగూ సూక్ష్మజీవులే కదా, ఇక డబ్బాను అంతగా శుద్ధి చేయడం ఎందుకని చాలామంది అనుకుంటారు. అది సగమే నిజం. మీ పేగులోని బ్యాక్టీరియా మీకు అలవాటైనదే. చేటు చేసేవి ఇంకొకరి పేగులోంచి వచ్చేవి, తడి గొట్టంలో పెరిగేవి. అమీబా, షిగెల్లా, జియార్డియా, హెపటైటిస్-ఎ అన్నీ మలం ద్వారా పాకేవే.

అమెరికాలోని పశ్చిమ కొలరాడోలో ఒక క్లినిక్‌లో 1978 జూన్ నుంచి 1980 డిసెంబర్ దాకా యంత్రంతో పేగు కడిగించుకున్నవారిలో కనీసం 36 మందికి అమీబియాసిస్ (అమీబా వల్ల వచ్చే పేగు జబ్బు) సోకింది. 10 మందికి పెద్దపేగు తీసేయాల్సి వచ్చింది, వారిలో 6 మంది చనిపోయారు. రోజూ కడిగే పద్ధతిలోనే కడిగాక ఆ యంత్రాన్ని పరీక్షిస్తే, మలంలో ఉండే బ్యాక్టీరియా విపరీతంగా కనిపించింది.

మనిషికో నాజిల్ (లోపలికి పెట్టే గొట్టం కొస) పెట్టుకుంటే సరిపోతుందనుకోవడం పొరపాటు. డబ్బాను రెండడుగుల ఎత్తున వేలాడదీస్తే కిందికి వచ్చే ఒత్తిడి కూడా రెండడుగుల నీటిదే. దగ్గినా, ముక్కినా పొట్టలోని ఒత్తిడి దాన్ని మించి, నీళ్లు గొట్టంలోకి వెనక్కి తన్నుతాయి. డబ్బాను మనిషి కంటే కిందికి దించినా అంతే. అందుకే నాజిల్ తీసే ముందే కొళాయి కట్టేయాలి. నాజిల్‌తో పాటు గొట్టం, కొళాయి కూడా ఎవరివి వారికే ఉండాలి.

వాడిన వెంటనే, ఎండకముందే భాగాలన్నీ విడదీయండి. గొట్టంలోంచి నీళ్లు ధారగా పోనిచ్చి, గోరువెచ్చని సబ్బునీళ్లతో సన్నని బ్రష్ పెట్టి తోమండి. కొళాయి మలుపులోనూ, నాజిల్ రంధ్రాల్లోనూ జిగురు పొర పేరుకుంటుంది. అది పోకపోతే ఆ తర్వాత క్రిములను చంపే ఏ మందూ లోపలికి చేరదు. స్టీలు డబ్బాను, సిలికాన్ గొట్టాన్ని, వేడికి తట్టుకునే నాజిల్‌ను నీటిలో పూర్తిగా ముంచి 20 నిమిషాలు సలసల మరిగించండి. అమీబా కోశాలు (గట్టి పొరలో దాగిన అమీబాలు) దీనికి చస్తాయి, కొన్ని బ్యాక్టీరియా స్పోర్లు (వేడిని తట్టుకునే నిద్రావస్థ రూపాలు) మాత్రం చావవు.

పీవీసీ ప్లాస్టిక్ గొట్టం మరిగిస్తే మెత్తబడి వంకర పోతుంది. దానికి 5 శాతం సోడియం హైపోక్లోరైట్ (బ్లీచ్) 20 మిల్లీలీటర్లు, నీళ్లు 980 మిల్లీలీటర్లు కలిపి, లోపల గాలి బుడగ మిగలకుండా 20 నిమిషాలు నానబెట్టండి. ఈ ద్రావణం అమీబా కోశాలను చంపుతుందని నమ్మలేం, కాబట్టి అలాంటి గొట్టం ఇంకొకరికి అసలు ఇవ్వకండి. తర్వాత మరిగించి చల్లార్చిన నీళ్లు చాలాసార్లు పోనివ్వాలి, మందు మిగిలితే పేగు పొర కాలుతుంది. బాత్రూం ఆసిడ్‌తో బ్లీచ్ కలిస్తే విషవాయువు వస్తుంది. ఇక ఎనిమా నీళ్లలోనే డెట్టాల్ చుక్క వేయడమంటే పేగుకు పుండు పెట్టడమే.

ఆరబెట్టడం కడగడమంత ముఖ్యం. కొళాయి తెరిచి, గొట్టం రెండు కొసలూ కిందికి వచ్చేలా దండేనికి నీడన వేయండి. తడి గొట్టాన్ని చుట్టి ప్లాస్టిక్ సంచిలో దాచకండి. బీటలు వారిన, జిగటగా మారిన రబ్బరును, గరుకు తేలిన నాజిల్‌ను పారేయండి, గీత పడితే రోగానికి దారి దొరుకుతుంది. ఒకసారి వాడి పారేయాల్సిన ఎనిమా సీసాను మళ్లీ నింపకండి.

ఎనిమాకు వాడే నీళ్లు మరిగించి, మూతపెట్టి గోరువెచ్చగా అయ్యేదాకా ఆగండి. తొందరపడి పంపు నీళ్లు కలిపితే మరిగించిన శ్రమంతా వృథా. నాజిల్‌ను ఇంటి నూనె సీసాలో ముంచకండి. పైగా నూనె, వాజెలిన్ లాటెక్స్ రబ్బరును తినేస్తాయి, నీటి ఆధారిత జెల్లీయే మేలు.

కీమోథెరపీతో తెల్లకణాలు తగ్గినవారు, మలంలో నెత్తురు పడేవారు, కడుపునొప్పితో జ్వరమున్నవారు ఇంట్లో ఎనిమా చేసుకోకూడదు.

ఎనిమా వల్ల సోకిన రోగం నెత్తురు జిగట విరేచనాలు, జ్వరంగా, షిగెల్లా అయితే మామూలుగా 1 నుంచి 3 రోజుల్లో, అమీబా అయితే తరచుగా 2 నుంచి 4 వారాలకు బయటపడుతుంది. అన్నాళ్ల తర్వాత ఎనిమా సంగతి గుర్తుకు రాకపోవచ్చు, కానీ డాక్టరుకు చెప్పి తీరాలి. అమీబా పుండ్లు పెద్దపేగు వాపు జబ్బులాగే కనిపిస్తాయి. పొరబడి ఆ జబ్బుకిచ్చే స్టెరాయిడ్లు ఇస్తే పేగుకు చిల్లు పడే ప్రమాదం ఉంది.