డేటాబేస్ రికార్డును ఫైలులా తెరిచిన నా అనుభవం

విశాఖపట్నం ఫిషింగ్ హార్బర్ సమీపంలోని ఒక పడవల మరమ్మతు షెడ్డు కోసం, స్కాన్ చేసిన డ్రాయింగులన్నింటినీ నేను ఒకే ఎస్‌క్యూలైట్ డేటాబేసులో బ్లాబ్‌లుగా, అంటే టేబుల్ గడిలో ఉన్నదున్నట్లు దాచే బైట్ల ముద్దలుగా, భద్రపరిచాను. పెద్ద డ్రాయింగును డేటా తీసే మామూలు సెలెక్ట్ ఆదేశంతో తీసుకుంటే అది మొత్తం ఒక్కసారిగా మెమరీలోకి వచ్చి, అక్కడి పాత కంప్యూటర్ స్తంభించిపోయేది. పైథాన్ ప్రోగ్రామింగ్ భాష 3.11 వెర్షన్‌లో చేరిన బ్లాబ్‌ఓపెన్ అనే ఫంక్షన్‌తో డ్రాయింగు ఉన్న గడిని ఫైలులాగే తెరిచి, సీక్‌తో కావలసిన చోటికి జరిగి, 64 కిలోబైట్ల చొప్పున చదవడంతో ఆ ఇబ్బంది తీరింది.

అసలు చిక్కు రాయడంలో ఎదురైంది. ఇలా తెరిచిన బ్లాబ్ ఫైలులా పెరగదు కాబట్టి ముందే, సున్నాలతో నిండిన బ్లాబ్‌ను సృష్టించే జీరోబ్లాబ్‌తో సరిపడా చోటు కేటాయించాను. అయినా మొదటి ముక్క తరువాత అబార్ట్ ఎర్రర్ వచ్చి పని ఆగిపోయేది. రెండు రాత్రులు వెతికాక కారణం దొరికింది. ఎంతవరకు రాశామో తెలిపే అంకెను అదే వరుసలోని మరో కాలమ్‌లో నేనే అప్‌డేట్ చేస్తున్నాను. వరుసలో ఏ కాలమ్ మారినా, తెరిచి ఉన్న బ్లాబ్ హ్యాండిల్ (ఆ గడిని చదవడానికి, రాయడానికి ప్రోగ్రామ్ వాడే పిడి లాంటిది) చెల్లకుండా పోతుందని ఎస్‌క్యూలైట్ డాక్యుమెంటేషన్‌లో స్పష్టంగానే ఉంది. నా దృష్టిలో అది సరైన నియమమే, ఎందుకంటే వరుసను తిరగరాస్తే లోపలి డేటా మరో చోటికి జరగవచ్చు. ఆ అంకెను వేరే టేబుల్‌కు మార్చాక డ్రాయింగులన్నీ పూర్తిగా ఎక్కాయి.