హెలికాప్టర్ పైలట్ అవుదామని రాజీనామా చేసే ముందు

☐ ముందు మెడికల్, తర్వాతే ఫీజు. డీజీసీఏ (పౌర విమానయాన నియంత్రణ సంస్థ) క్లాస్ 2 మెడికల్ సర్టిఫికెట్ వచ్చిందని ధీమా పడొద్దు, కమర్షియల్ లైసెన్స్‌కి క్లాస్ 1 కావాలి. కళ్లద్దాలున్నా పర్వాలేదు, రంగులు పోల్చుకోలేకపోతే మాత్రం చిక్కే.

☐ ఇంటర్లో ఫిజిక్స్, మ్యాథ్స్ లేకపోతే తాజా నిబంధన చూసుకోండి.

☐ బరువు చూసుకోండి, నవ్వులాట కాదు. చాలాచోట్ల నేర్పేది రాబిన్సన్ ఆర్22 అనే చిన్న రెండు సీట్ల హెలికాప్టర్ మీద. అందులో సీటుకు పరిమితి, కింద పెట్టే సామానుతో కలిపి, 109 కిలోలు. దాటితే దానికన్నా పెద్దదైన ఆర్44, గంటకు ఖర్చు ఇంకా ఎక్కువ.

☐ విదేశంలో నేర్చుకుంటే ఇక్కడ లైసెన్స్ మార్పిడికి మళ్లీ పరీక్షలుంటాయి.

☐ లైసెన్స్ రాగానే కేదార్‌నాథ్ యాత్రికుల్ని చేరవేసే షటిల్ చేతికివ్వరు. మిలిటరీ నుంచి వచ్చిన అనుభవజ్ఞులతో పోటీ. ఉద్యోగం దొరికేదాకా ఈఎంఐ ఎవరు కడతారో ఇంట్లో ముందే తేల్చుకోండి.