థర్మోవాక్ చాంబర్‌ను నలుగురూ కలిసి వాడుకోవాలంటే డబ్బు ఎక్కడ పెట్టాలి

ఉపగ్రహ భాగాలను గాలి తీసేసిన చోట చల్లబరచి, వేడెక్కించి పరీక్షించే పెట్టెనే థర్మోవాక్ చాంబర్ అంటాం. అది కొనడానికి డబ్బిచ్చేవాళ్లు ఎలాగోలా దొరుకుతారు. దాన్ని ఏడాది పొడవునా నడపడానికి ఇచ్చేవాళ్లే దొరకరు. హైదరాబాద్ చర్లపల్లి పారిశ్రామికవాడలో వాక్యూమ్ చాంబర్లు బిగించడం, నడపడం, పాడైతే బాగుచేయడం నా పని. ఘనంగా రిబ్బన్ కత్తిరించిన కొన్నాళ్లకే పాలిథిన్ షీటు కప్పుకుని మూలన పడ్డ చాంబర్లను చూస్తూనే ఉంటాను. వాటిలో చాలావాటికి ఏ రోగమూ ఉండదు. ఆపరేటర్ జీతానికి, లిక్విడ్ నైట్రోజన్‌కి, పంపు సర్వీసుకి ఏ పద్దులోనూ డబ్బు రాయలేదు, అంతే. అందుకే నలుగురైదుగురు స్టార్టప్‌లవాళ్లు, ఒకటో రెండో ఇంజనీరింగ్ కాలేజీలు కలిసి చాంబర్ పెట్టుకుంటామని వస్తే, ఎంతలో వస్తుందనే మాట పక్కన పెట్టి ఏడాదికి ఎన్ని వారాలు వాడతారని అడుగుతాను.

ముందు వారాలు లెక్కపెట్టండి

గంటలు కాకుండా వారాలు అనడానికి కారణం ఉంది. అంతరిక్షంలో వేడిని మోసుకుపోయే గాలి ఉండదు. బెంచి మీద చల్లగా నడిచిన బోర్డు అక్కడ కాగిపోవచ్చు. అది తేలాలంటే 10⁻⁵ మిల్లీబార్ లేదా అంతకంటే తక్కువ ఒత్తిడిలో పెట్టాలి. చుట్టూ ఉన్న ష్రౌడ్ అనే లోహపు తొడుగులోకి మైనస్ 196 డిగ్రీల లిక్విడ్ నైట్రోజన్ పంపి చల్లబరచాలి, మళ్లీ హీటర్లతో వేడెక్కించాలి. ఇలా కొన్ని సైకిళ్లు తిప్పాలి. బిగింపు, పంప్ డౌన్ (గాలి తోడేయడం), బేకౌట్ (వేడిచేసి తేమ, ఆవిర్లు వదిలించడం), సైకిళ్లు, చివర్లో మామూలు ఉష్ణోగ్రతకు తెచ్చి పొడి నైట్రోజన్ నింపి తలుపు తీయడం అన్నీ కలిపితే క్యూబ్‌శాట్ లాంటి బుల్లి ఉపగ్రహానికైనా వారం ఇట్టే గడిచిపోతుంది. చల్లగా ఉండగానే తలుపు తీస్తే గాలిలోని తేమ బోర్డు మీద నీళ్లుగా పేరుకుంటుంది కాబట్టి ఆ చివరి రోజును ఎవరూ తగ్గించలేరు.

ఇప్పుడు ఒక్కో సభ్యుడి దగ్గర రాతపూర్వకంగా తీసుకోండి: వచ్చే ఏడాది ఎన్ని వారాలు, ఏ నెలల్లో, ఏ సైజు వస్తువు. ఆ కాగితంతో పాటు కొంత అడ్వాన్స్ కూడా తీసుకోండి. నోటి మాటగా పది వారాలు చెప్పినవాళ్లు చెక్కు రాయమనగానే మూడుకు దిగుతారు. ఆ మూడే నిజమైన అంకె.

ఆ అంకె మరీ చిన్నదైతే కొనకండి. అహ్మదాబాద్ బోపల్‌లో ఇన్‌స్పేస్ (ప్రైవేటు అంతరిక్ష కంపెనీల వ్యవహారాలు చూసే కేంద్ర సంస్థ) టెక్నికల్ సెంటర్ ఉంది. అక్కడ థర్మల్, వాక్యూమ్ పరీక్షలు, వైబ్రేషన్ పరీక్షలు రెండూ ప్రైవేటు కంపెనీల కోసమే పెట్టారు. ఇస్రో కేంద్రాల్లోని సౌకర్యాలకు కూడా ఇన్‌స్పేస్ ద్వారానే దరఖాస్తు చేసుకోవచ్చు. ప్రభుత్వ సొమ్ముతో కొన్న యూనివర్సిటీ పరికరాలు 2020లో మొదలైన ఐ-స్టెమ్ పోర్టల్‌లో కనిపిస్తాయి. ఏడాదికి నాలుగు వారాల పనికి సొంత చాంబర్ పెట్టుకునే బదులు, పెట్టెలో భద్రంగా ప్యాక్ చేసి అహ్మదాబాద్ పంపించడమే చవక.

కాగితం మీద వేసే లెక్క

కింది అంకెలు నేను లెక్క కోసం పెట్టుకున్నవి. వాటి స్థానంలో మీ కొటేషన్లు వేసుకోండి.

ఇద్దరు ఆపరేటర్లు, అద్దె, కనీస కరెంటు బిల్లు, పంపుల ఏఎంసీ (వార్షిక నిర్వహణ ఒప్పందం), గేజిల క్యాలిబ్రేషన్, ఇన్సూరెన్స్ కలిపి ఏడాదికి 36 లక్షలు అనుకుందాం. చాంబర్ ఆడినా ఆగినా ఈ ఖర్చు తప్పదు. సర్వీసులు, పండగలు, చిన్నాచితకా రిపేర్లు తీసేస్తే అమ్ముకోగలిగేవి 40 వారాలు. అందులో 24 వారాలు నిండితే బాగా నడిచినట్టే. అంటే వారానికి లక్షన్నర, నైట్రోజన్ ఖర్చు వాడకాన్ని బట్టి అదనం. మొదటి ఏడాది 12 వారాలే నిండాయనుకోండి, వచ్చేది 18 లక్షలు, లోటు 18 లక్షలు. చాలామంది ఇక్కడే రేటు మూడు లక్షలకు పెంచేస్తారు. దాంతో వచ్చే ఆ కొద్దిమంది కూడా రారు.

మీరు దాత దగ్గరో ప్రభుత్వం దగ్గరో అడగాల్సింది ఈ 18 లక్షల లోటు. దీన్ని "వినియోగ హామీ" అని ప్రత్యేక పద్దుగా, మూడేళ్లకు, ఏటేటా తగ్గేలా రాయండి. మొదటి ఏడాది 18, రెండో ఏడాది 10, మూడో ఏడాది 4 లక్షలు. ఇలా తగ్గుతూ పోయే అంకె చూస్తే ఇచ్చేవాళ్లకూ ధైర్యంగా ఉంటుంది. ఎప్పటికైనా తమ కాళ్ల మీద తాము నిలబడతారని నమ్మకం కుదురుతుంది.

డబ్బు వచ్చే దారులు

పెట్టుబడి ఖర్చుకు అందరూ ముందుగా చూసేది క్లస్టర్ పథకాన్నే. చిన్న, మధ్యతరహా పరిశ్రమల (ఎంఎస్ఎంఈ) శాఖ కింద ఉమ్మడి సౌకర్య కేంద్రాలకు కేంద్రం గ్రాంటు ఇస్తుంది. 2022 మార్గదర్శకాల ప్రకారం మామూలు రాష్ట్రాల్లో 5 నుంచి 10 కోట్ల ప్రాజెక్టుకు 70 శాతం వరకు, 10 నుంచి 30 కోట్లదానికి 60 శాతం వరకు. తమాషా ఏంటంటే, ఒక్క చిన్న చాంబర్ అడిగితే 5 కోట్ల గీత దాటదు. వైబ్రేషన్ టేబుల్, క్లీన్‌రూమ్, మామూలు థర్మల్ చాంబర్ కూడా కలిపి పరీక్షా కేంద్రంగా చూపిస్తేనే లెక్క కుదురుతుంది. దానివల్ల ఇంకో లాభం కూడా ఉంది. వైబ్రేషన్ టేబుల్‌కు ఆటో విడిభాగాలవాళ్ల నుంచి కూడా గిరాకీ వస్తుంది, చాంబర్ ఖాళీగా ఉన్న వారాల్లో ఆపరేటర్ జీతం అక్కడి నుంచి లాగొచ్చు.

రక్షణ శాఖ 2020లో 400 కోట్లతో పెట్టిన పరీక్షా సౌకర్యాల పథకం షరతులు కూడా చదవండి. మీది రక్షణ పని కాకపోయినా చదవండి. అందులో కేంద్రం 75 శాతం వరకు ఇస్తుందని రాశారు. మిగతాది కంపెనీలు, రాష్ట్రాలు కలిసి పెట్టిన ప్రత్యేక సంస్థ భరించాలి. వాడకం రుసుములతో ఆ సంస్థే దాన్ని నడుపుకోవాలి. మీ సభ్యుల ఒప్పందం రాసుకోవడానికి నాకు తెలిసినంతలో ఇంతకంటే మంచి నమూనా లేదు.

సీఎస్ఆర్, అంటే కంపెనీలు సామాజిక బాధ్యత కింద ఖర్చుపెట్టే డబ్బు మీద అందరికీ ఆశే. దారి మాత్రం కాస్త ఇరుకు. 2013 కంపెనీల చట్టం ఏడో షెడ్యూలు ప్రకారం ప్రభుత్వ నిధులతో నడిచే ఇంక్యుబేటర్లకు, పరిశోధన ప్రాజెక్టులకు, ప్రభుత్వ యూనివర్సిటీలకు, ఐఐటీలకు ఇవ్వొచ్చు. మీ ప్రైవేట్ లిమిటెడ్‌కు ఇవ్వడం కుదరదు. పైగా సీఎస్ఆర్ డబ్బుతో కొన్న ఆస్తి ఎవరి పేరున ఉండాలో కూడా 2021 నుంచి నిబంధన ఉంది. సీఎస్ఆర్ రిజిస్ట్రేషన్ నంబరున్న సెక్షన్ 8 (లాభాపేక్ష లేని) కంపెనీ, ట్రస్టు, సొసైటీలాంటివి గానీ, లబ్ధిదారుల సంఘం గానీ, ప్రభుత్వ సంస్థ గానీ అయి ఉండాలి. కాబట్టి ఈ దారిలో వెళ్తే చాంబర్‌ను యూనివర్సిటీలో పెట్టి, బయటివాళ్లకు ఇన్ని వారాలు అని ఎంఓయూలోనే రాయించుకోండి. లేకపోతే సెమిస్టర్ పరీక్షలప్పుడు ల్యాబ్‌కు తాళం పడుతుంది, తాళంచెవి ఎవరి దగ్గరుందో వాచ్‌మన్‌కు కూడా తెలియదు.

వాడేవాళ్ల జేబులో డబ్బు పెట్టడం ఇంకో దారి. నాకు ఇదే నచ్చుతుంది. 2021లో 945 కోట్లతో మొదలైన స్టార్టప్ ఇండియా సీడ్ ఫండ్‌లో నమూనా తయారీ, ప్రయోగ పరీక్షల కోసం ఇంక్యుబేటర్ ద్వారా 20 లక్షల వరకు గ్రాంటు ఉంటుందని చెప్పారు. ఇన్‌స్పేస్ సీడ్ ఫండ్ 1 కోటి వరకు. ఇన్‌స్పేస్‌దే టెక్నాలజీ అడాప్షన్ ఫండ్ అయితే 500 కోట్లది, స్టార్టప్‌లకూ చిన్న పరిశ్రమలకూ ప్రాజెక్టు ఖర్చులో 60 శాతం వరకు ఇస్తామన్నారు. వీటిలో దేనికి దరఖాస్తు పెట్టినా ముందు ఇప్పుడు దరఖాస్తులు తీసుకుంటున్నారో లేదో చూసుకుని, టెస్టింగ్ ఖర్చును విడిగా, చాంబర్ కొటేషన్ జతచేసి చూపండి. "ఇతర ఖర్చులు"లో కలిపేస్తే మొదట కోత పడేది దానికే. సభ్యులు ముగ్గురు ఇలా తెచ్చుకుంటే చాంబర్ క్యాలెండర్ దానంతటదే నిండుతుంది. జీఎస్టీ సంగతి మర్చిపోవద్దు. టెస్టింగ్ సర్వీసు మీద 18 శాతం పడుతుంది. కట్టిన పన్నును ఇన్‌పుట్ క్రెడిట్‌గా సర్దుకోలేని కాలేజీకి అది నిఖార్సైన ఖర్చే.

పద్దులో రాయకపోతే గొడవలయ్యేవి

పంప్ డౌన్ మొదలుపెట్టాక ఒత్తిడి గేజి ముందు చకచకా దిగుతుంది. 10⁻³ మిల్లీబార్ దాటాక ఓ చోట మొండికేసి కూర్చుంటుంది. అక్కడ ఆగిందంటే లోపల గోడలకు, వస్తువుకు పట్టిన తేమో, ఎవరో అంటించిన టేపో గాలి వదులుతోందన్నమాట. ఒకడి చాంబర్ అయితే ఆ రాత్రంతా కాఫీ తాగుతూ కూర్చోవచ్చు. అందరి చాంబర్‌లో ఆ టేపు వదిలింది తర్వాతి వాళ్ల లెన్సు మీద చేరుతుంది. ఒకసారి ఒక బోర్డు పరీక్ష అయ్యాక వచ్చిన కెమెరా అద్దం మీద, టార్చి ఏటవాలుగా కొట్టి చూస్తే, లేత పసుపు పొర కనిపించింది. బోర్డువాళ్లు మా కోటింగ్ కాదన్నారు, కెమెరావాళ్లు డబ్బు కట్టమన్నారు. ఆ రోజు ఒప్పందంలో దాని గురించి ఒక్క వాక్యం కూడా లేదు.

కాబట్టి ప్రతి వస్తువుకీ పదార్థాల జాబితా ముందే తీసుకోండి. వైర్ల తొడుగు, జిగురు, టేపు, కోటింగ్ అన్నిటికీ ఏఎస్‌టీఎం ఈ595 (వాక్యూమ్‌లో పదార్థం ఎంత ఆవిరి వదులుతుందో కొలిచే ప్రమాణం) విలువలు అడగండి. వాక్యూమ్‌లో 125 డిగ్రీల దగ్గర 24 గంటలు ఉంచితే బరువు నష్టం 1 శాతం లోపు, చల్లటి పలక మీద పేరుకునేది 0.1 శాతం లోపు ఉండాలన్నది సాధారణంగా పాటించే హద్దు. మామూలు పీవీసీ వైరుతో వస్తే గేటు దగ్గరే ఆపండి. ఇద్దరి స్లాట్ల మధ్య ఖాళీ చాంబర్‌ను వేడిచేసి శుభ్రం చేసే రోజుకు డబ్బు ఎవరిదో కూడా రాయండి. మా దగ్గర ముందు వాడినవాళ్లదే. లోపల ఒక శుభ్రమైన చిన్న గాజు పలక పెట్టి, పరీక్ష అయ్యాక దాన్ని దాచండి. గొడవ వస్తే అదే సాక్ష్యం.

లిక్విడ్ నైట్రోజన్ గదికి ఆక్సిజన్ సెన్సరు, ఎగ్జాస్ట్ ఫ్యాను తప్పనిసరి. ఒక లీటరు ద్రవం ఆవిరైతే దాదాపు 700 లీటర్ల వాయువవుతుంది, మూసిన గదిలో మనిషికి తెలియకుండానే ఊపిరాడదు. కరెంటు పోతే చాంబర్‌కూ పంపుకూ మధ్య ఉండే గేటు వాల్వు దానంతటదే మూసుకునేలా, వేగంగా తిరిగే టర్బో పంపు నెమ్మదిగా ఆగేలా యూపీఎస్ పెట్టండి. ఇవన్నీ కొటేషన్‌లో "ఆప్షనల్" కింద వస్తాయి. వాటిని ఆప్షనల్‌లోంచి తీసి అసలు జాబితాలో వేయించండి.

స్లాట్ల గొడవ ఒక్కటి మిగిలింది. పీఎస్ఎల్వీ రాకెట్ నాలుగో దశనే కక్ష్యలో ప్రయోగాల వేదికగా వాడే పోయెమ్‌లో పేలోడ్లు (పరికరాలు) పంపేవాళ్లు మీ సభ్యుల్లో ఇద్దరుంటే, ఇద్దరికీ ఒకే ప్రయోగం, ఒకే నెలలో చాంబర్ కావాలి. ఆరు నెలలు ఖాళీ, ఆ నెలలో మాత్రం తోపులాట. సభ్యులను ఎంచుకునేటప్పుడే ప్రయోగ తేదీతో సంబంధం లేనివాళ్లను, అంటే రక్షణ ల్యాబులకు విడిభాగాలు ఇచ్చే బాలానగర్, జీడిమెట్ల వర్క్‌షాపులను, బేకౌట్ మాత్రమే కావాల్సినవాళ్లను సగం మందినైనా కలుపుకోండి. వీళ్ల పని వారం అటూ ఇటూ అయినా ఆగదు. ప్రయోగ తేదీ ఖరారైందని కాగితం చూపించినవాళ్లకు ముందు స్లాటు ఇవ్వండి. వాళ్ల కోసం తమ స్లాటు వదులుకుని వేరే వారానికి జరిగినవాళ్లకు ఆ కొత్త వారం సగం రేటు. స్లాటుకు 30 రోజుల లోపు రద్దు చేస్తే అడ్వాన్స్ తిరిగి రాదు, ఆ వారం ఇంకొకరికి అమ్ముడుపోతే మాత్రం వెనక్కి ఇచ్చేస్తారు. ఈ మూడు వాక్యాలూ మీ ఒప్పందంలో మొదటి పేజీలోనే ఉండాలి. చివరి పేజీ ఎవరూ చదవరు.