కారు చక్రాలకు ఇంట్లోనే రంగు వేసుకోవడం ఎలా?

మాది కాకినాడ. ఉప్పుగాలి ఊరు కాబట్టి ఇక్కడ కారు బాడీ బాగానే ఉన్నా చక్రాలు ముందే తుప్పు పడతాయి. ప్లాస్టిక్ వీల్ కవర్ తీసి చూస్తే నట్ల చుట్టూ, అంచు వెంబడి గోధుమ రంగు పొలుసులు లేచి ఉంటాయి. మా పాత కారుకి ఉన్న 4 ఇనుప చక్రాలకూ కిందటి జనవరిలో ఇంటి ముందు కూర్చుని నేనే రంగు వేశాను. పెయింట్ కొట్టడానికి చక్రానికి గంట పట్టింది. అంతకుముందు కడగడానికి, తుప్పు గీకడానికి ఒక పూట పైనే పట్టింది. పని నిలబడేదీ, చెడేదీ ఆ పూటలోనే.

రంగు వేసేముందు చక్రాన్ని ముందూ వెనకా ఒకసారి బాగా చూడండి. పగులు కనిపించినా, అంచు వంకరపోయినా, తుప్పు తిని రేకు పల్చబడినా దానికి రంగు వద్దు, చక్రమే మార్చాలి. పైన పెయింట్ పడితే ఆ పగులు ఇక కంటికి కనబడదు, అది ఇంకా ప్రమాదం. అల్లాయ్ చక్రాలకూ పద్ధతి దాదాపు ఇదే. ప్రైమర్ మాత్రం అల్యూమినియానికి పట్టేది వేరుగా అడిగి తీసుకోవాలి. డైమండ్ కట్ (ముఖాన్ని మెషీన్ మీద చెక్కి మెరిపించిన) అల్లాయ్‌ల మెరుపు ఇంట్లో రాదు, వాటిని మెషీన్ ఉన్న షాపుకే ఇవ్వండి.

కాలం కూడా చూసుకోవాలి. వానాకాలంలో గాలిలో తేమకి పెయింట్ ఆరుతూనే తెల్లగా పాలిపోతుంది. మే నెల ఎండలో ఇనుము కాలిపోయి, తుంపర సరిగ్గా పరుచుకోకముందే ఆరి పొడిపొడిగా నిలుస్తుంది. మన దగ్గర డిసెంబర్ నుంచి ఫిబ్రవరి దాకా, మంచు ఆరాక పొద్దున 9, 10 గంటల సమయం బాగుంటుంది.

ఏమేం కావాలి?

వైర్ బ్రష్, 80, 320, 600 నంబర్ల వాటర్ పేపర్లు (తడిపి రుద్దే గరుకు కాగితాలు; నంబర్ పెరిగేకొద్దీ నునుపు), థిన్నర్, మాస్కింగ్ టేప్, పాత నూలు గుడ్డలు. స్ప్రే డబ్బాల్లో ప్రైమర్, వీల్ సిల్వర్ రంగు, పైన వేయడానికి రంగులేని క్లియర్ లాకర్. నాకు 4 చక్రాలకూ 400 మిల్లీలీటర్ల డబ్బాలు ఒక్కో రకానివి రెండేసి సరిపోయాయి. మూడూ ఒకే కంపెనీవి తీసుకోండి, ఒకదాని మీద ఒకటి పడి ముడతలు లేవకుండా ఉంటాయి. ఇంట్లో పాత శుభలేఖలు ఉంటే పారేయకండి, వాటితో పని ఉంది.

చక్రం విప్పడం

నాలుగూ ఒకేసారి విప్పి కారుని ఇటుకల మీద నిలబెట్టొద్దు. ఇటుక ఎప్పుడు పగులుతుందో తెలియదు. స్టెప్నీ బిగించి, ఒక్కో చక్రం చొప్పున చేసుకుంటూ పోవడమే మంచిది. (1904 ప్రాంతంలో వేల్స్‌లోని స్టెప్నీ అనే వీధిలో అదనపు చక్రాల వ్యాపారం మొదలైంది. అక్కడ ఆ పేరు మరుగున పడినా మన నోట్లో ఇంకా ఉంది.) ఇప్పుడు చాలా కార్ల స్టెప్నీ చిన్న సైజుది, దాని మీదే గంటకి 80 కిలోమీటర్లు దాటొద్దని రాసి ఉంటుంది. కాబట్టి అది బిగించి ఉన్నన్నాళ్లూ దూర ప్రయాణాలు పెట్టుకోకండి.

చదునైన నేల మీద హ్యాండ్‌బ్రేక్ వేసి, గేరులో పెట్టి, మిగతా చక్రాలకు ముందూ వెనకా చెక్కముక్కలు అడ్డుపెట్టండి. చక్రం నేల మీద ఉండగానే నట్లను పానాతో అర చుట్టు వదులు చేయాలి. తర్వాతే జాకీ ఎక్కించాలి. జాకీ మీద ఉన్న కారు కిందకి చెయ్యి గానీ కాలు గానీ పోనివ్వకండి.

కడగడం, గీకడం

సబ్బునీళ్లతో లోపలి వైపు కూడా కడగండి. బ్రేకుల నుంచి రాలే నల్లటి పొడి అక్కడే గట్టిగా అంటుకుని ఉంటుంది. ఆరాక థిన్నర్ గుడ్డతో తుడవండి. మొదటి చక్రానికి నేను ఈ తుడవడం పైపైన చేశాను. టైరుకి అంతకుముందు రాసిన పాలిష్ అంచు మీద పల్చగా మిగిలిపోయింది. రంగు వేయగానే అక్కడ పెయింట్ పక్కకి జరిగి చేపకళ్లలా గుండ్రటి గుంటలు పడ్డాయి. ఎంత వేసినా ఆ గుంటలు మూసుకోలేదు, మొత్తం గీకి మళ్లీ మొదలుపెట్టాల్సి వచ్చింది. టైర్ పాలిష్‌లో ఉండే సిలికాన్ వల్ల అలా అవుతుంది. అందుకే ఒక గుడ్డతో తుడిచి, అది ఆరకముందే ఇంకో పొడిగుడ్డతో ఎత్తేయాలి. ఒకే గుడ్డతో రుద్దితే జిడ్డు చోటు మారుతుందంతే.

లేచిన పొలుసుల్ని వైర్ బ్రష్‌తో రాల్చి, 80 నంబర్ పేపర్‌తో మెరిసే ఇనుము కనిపించేదాకా గీకండి. తర్వాత 320తో నీళ్లు పోసుకుంటూ రుద్దాలి. గట్టిగా ఉన్న పాత పెయింట్ మొత్తం తీయక్కర్లేదు, మెరుపు పోయి మసకబారితే చాలు. పాత పెయింట్ అయిపోయి ఇనుము మొదలయ్యే చోట కళ్లు మూసుకుని గోరుతో గీయండి. గోరు తగిలిందంటే అక్కడ మెట్టు ఉన్నట్టే. రంగు వేశాక అది గీతలా పైకి కనిపిస్తుంది. గోరు జారిపోయేదాకా రుద్దండి.

తడి పని అయ్యాక ఆలస్యం చేయొద్దు. ఒట్టి ఇనుము మా ఊరి గాలికి గంటలోనే మళ్లీ పసుపు తిరుగుతుంది. వెంటనే తుడిచి, ఎండలో కాసేపు ఆరబెట్టి, థిన్నర్‌తో ఆఖరిసారి తుడిచి ప్రైమర్‌కి దిగాలి.

రంగు పడకూడని చోట్లు

శుభలేఖలను ముక్కలుగా కోసి టైరుకీ అంచుకీ మధ్య సందులో చుట్టూ వరసగా గుచ్చండి. ఆ అట్ట మందానికి సరిగ్గా నిలబడుతుంది. గాలి పట్టే వాల్వ్‌కి టేప్ చుట్టండి. బ్యాలెన్సింగ్ సీసపు ముక్కలు కదిలించొద్దు. కదిలితే మళ్లీ బ్యాలెన్సింగ్ చేయించాలి.

నట్లు కూర్చునే గుంటల్లో, చక్రం హబ్‌కి (కారువైపు చక్రాన్ని బిగించే భాగానికి) ఆనుకునే వెనకవైపు ముఖం మీద మాత్రం రంగు అసలు పడకూడదు. అక్కడ పెయింట్ పొర ఉంటే బండి తిరిగేకొద్దీ అది నలిగి పల్చబడి, బిగించిన నట్టు వదులవుతుంది. గుంటల్లో అల్యూమినియం ఫాయిల్ ఉండలు చేసి నొక్కండి, వెనక టేప్ వేయండి.

ప్రైమర్, రంగు, క్లియర్

గాలి ఆడే చోట, పొయ్యికీ దీపానికీ దూరంగా చేయండి. బట్ట మాస్కు థిన్నర్ ఆవిరిని ఆపదు, కార్బన్ ఫిల్టర్ ఉన్నది పెట్టుకోండి. డబ్బాలో గోళీ చప్పుడు మొదలయ్యాక ఇంకో రెండు నిమిషాలు ఊపాలి.

జానెడు దూరం నుంచి కొట్టండి. బటన్ చక్రం బయటే నొక్కి, చెయ్యి ఆపకుండా చక్రం దాటించి అవతల వదలాలి. మొదటి పొర కింద ఇనుము కనబడుతూనే ఉండాలి. కనబడుతోంది కదా అని అక్కడే మళ్లీ కొడితే కారుతుంది. ప్రైమర్ రెండు పొరలు, పొరకీ పొరకీ మధ్య 15 నిమిషాలు. పూర్తిగా ఆరాక 600 పేపర్‌తో తేలిగ్గా రుద్ది తుడిచి, రంగు మూడు పొరలు, క్లియర్ రెండు పొరలు వేయండి. డబ్బా మీద రాసిన వ్యవధి వేరుగా ఉంటే అదే పాటించండి. ఎక్కడైనా కారితే గుడ్డ పెట్టకండి, మరకవుతుంది. ఆరనిచ్చి మర్నాడు 600తో సాపు చేసి ఆ చోట మళ్లీ వేస్తే సరి.

చివరి పొర వేసిన పావుగంటకి, పెయింట్ ఇంకా మెత్తగా ఉండగానే టేపులు మెల్లగా లాగండి. గట్టిపడ్డాక లాగితే అంచు చిట్లుతుంది.

తిరిగి బిగించడం

కనీసం 24 గంటలు ఆరనివ్వండి. నట్లను ముందు చేత్తో తిప్పి కూర్చోబెట్టి, జాకీ దింపాక ఎదురెదురు వరసలో బిగించండి. ఒకదాని పక్కది ఒకటి బిగిస్తూ పోతే చక్రం ఒక వైపుకి లాగి కూర్చుంటుంది. ఎంత బిగువు ఉండాలో మీ కారు మాన్యువల్లో ఉంటుంది. టార్క్ రెంచ్ లేకపోతే టైర్ల షాపులో ఒకసారి చూపించండి. 100 కిలోమీటర్లు తిరిగాక మళ్లీ పానా వేసి చూసుకోవాలి. వారం దాకా ప్రెషర్ వాటర్ సర్వీసింగ్‌కి ఇవ్వకండి. ఈలోపు మట్టి పడితే మామూలు నీళ్లు పోసి మెత్తటి గుడ్డతో అద్దితే చాలు.