దేవుడి గురించి అర్థవంతంగా ఎలా మాట్లాడాలి?

నల్లగొండ పక్కనే పానగల్లులో ఛాయా సోమేశ్వరుడి గుడి ఉంది కదా, అక్కడ గర్భగుడిలో పొద్దంతా ఒక స్తంభం నీడ నిలబడే ఉంటుంది, సూర్యుడు ఎటు జరిగినా అది జరగదు. పోయినసారి వెళ్లినప్పుడు ఒక పిల్లాడు "నీడ కనవడుతుంది గానీ దేవుడేడి నాయినమ్మా?" అని అడిగాడు. ఆమె "గా నీడనే మంచిగ చూడు బిడ్డా" అన్నది. ఆ జవాబు నాకు చాలా నచ్చింది, ఎందుకో కింద చెబుతాను.

ముందు, "దేవుడు" అనే మాట అక్కడ ఏ పని చేస్తోందో చూడండి. ఆపరేషన్ థియేటర్ బయట కూర్చున్న తల్లి "దేవుడున్నడు" అంటే అది సమాచారం కాదు, ధైర్యం చెప్పుకోవడం. మాట అర్థం దాన్ని వాడే తీరులో ఉంటుందని తత్వవేత్త విట్‌గెన్‌స్టైన్ అన్నది ఇదే. అక్కడ రుజువు అడగకండి, పక్కన కూర్చోండి.

అదే మనిషి హోటల్లో చాయ్ తాగుతూ "వానలు పడేది దేవుడి దయవల్లే" అంటే అది వాదన. ఇక్కడ రెండో పని మొదలవుతుంది: ఏం జరిగితే ఈ మాట తప్పని ఒప్పుకుంటానని మిమ్మల్ని మీరే అడగండి. వాన పడితే దయ, పడకపోతే పరీక్ష, బోరు ఎండితే కర్మ అంటూ పోతే చివరికి ఆ మాట ఏమీ చెప్పనట్టే. కరువు చూసిన పాలమూరు రైతుకు ఇది పుస్తకాల గొడవ కాదు. పరీక్షించడానికి వీల్లేని మాటకు అర్థమే లేదని బ్రిటిష్ తత్వవేత్త ఏ.జె. ఏయర్ 1936లో గట్టిగా వాదించాడు. అయితే ఆ సూత్రాన్నే ఏ పరీక్షతో రుజువు చేస్తారని అడిగితే అదీ ఇబ్బందిలో పడుతుంది. అందుకని ఆ కొలబద్దను పారేయొద్దు, అదొక్కటే కొలబద్ద అనీ అనుకోవద్దు.

తర్వాత మూడో పని, తీసేయడం. బృహదారణ్యక ఉపనిషత్తులోని "నేతి నేతి" (ఇది కాదు, ఇది కాదు) తెలిసిందే, పన్నెండో శతాబ్దపు యూదు పండితుడు మైమోనిడిస్ కూడా దేవుడు ఏం కాదో చెప్పడమే సరైన దారి అన్నాడు. "దేవుడికి కోపం వచ్చింది" అనే వాక్యం తీసుకుని అందులోంచి బీపీ, పంతం, పగ ఒక్కొక్కటే తీసేసి చూడండి, ఏం మిగులుతుందో.

అన్నీ తీసేస్తే మొక్కుకోవడానికి ఏం మిగలదని భయమేస్తుంది, ఆ భయం న్యాయమైనదే. దేవుణ్ని నిర్గుణుడు, అంటే గుణాలు లేనివాడు, అన్నప్పుడు దానర్థం చెడ్డ గుణాలు లేకపోవడమేనని, మంచి గుణాలకు మాత్రం అంతే లేదని రామానుజులు చెప్పారు. పదమూడో శతాబ్దంలో క్రైస్తవ పండితుడు థామస్ అక్వినాస్ పోలిక దారి చూపాడు: దేవుణ్ని "తండ్రి" అన్నప్పుడు ఆ మాటకు మన బాపు విషయంలో ఉన్న అర్థమే ఉండదు, అలాగని పూర్తిగా వేరేదీ కాదు. పానగల్లు నీడ అలాంటిదే. నీడ స్తంభం కాదు, కానీ ఊరికే పుట్టలేదు, ఆకారం కొంత చెబుతుంది, రాయి బరువు మాత్రం చెప్పదు.

ఇవాళే చేసి చూడండి. "దేవుడు దయగలవాడు" అని కాగితం మీద రాసి, మీ అమ్మ దయతో పోలినది ఒకవైపు, పోలనిది ఇంకోవైపు రాయండి. రెండోవైపు ఖాళీగా ఉంటే మీరు ఇంకా అమ్మ గురించే మాట్లాడుతున్నారు, మొదటివైపు ఖాళీ అయితే వేరే మాట వెతుక్కోండి.