బీఫ్ బ్రోకలీలో మాంసం మెత్తగా రావాలంటే

అమెరికాలోని చైనీస్ హోటళ్లలో పెట్టే బీఫ్ బ్రోకలీ ఇంట్లో చేస్తే చాలామందికి ముక్కలు రబ్బరులా సాగుతాయి. వంట సోడా వాడి చూడండి. అరకిలో ఫ్లాంక్ స్టేక్‌ను (పశువు పొట్ట భాగపు మాంసం) అరగంట ఫ్రీజర్‌లో ఉంచితే కాస్త బిగుసుకుని సులువుగా తెగుతుంది. దాని మీద పొడవాటి పీచు గీతల్లా స్పష్టంగా కనిపిస్తుంది; దానికి అడ్డంగా, పల్చగా కోయాలి. పీచు వెంబడి కోస్తే ఇక ఏం చేసినా లాభం లేదు. ముక్కలకు అర టీస్పూను సోడా, రెండు చెంచాల నీళ్లు పట్టించి 20 నిమిషాలు వదలండి. సోడా మాంసం పైభాగాన్ని క్షారంగా మారుస్తుంది కాబట్టి వేడి తగిలినా ప్రొటీన్లు అంతగా ముడుచుకోవు. తర్వాత బాగా కడిగి, తడి అద్ది తీసేయాలి, లేకపోతే సబ్బు వాసన వస్తుంది. సోయా సాస్, చెంచాడు కార్న్‌ఫ్లోర్, కొద్దిగా నూనె కలపండి.

ఇంటి పొయ్యికి హోటల్ పొయ్యికి ఉన్నంత మంట ఉండదు. బాణలి పొగలు వచ్చేదాకా కాచి, మాంసం రెండు విడతలుగా వేయండి. ఒకేసారి వేస్తే నీరు ఊరి ఉడికిపోతుంది. బ్రోకలీ విడిగా మగ్గించి, అల్లం, వెల్లుల్లి, ఆయిస్టర్ సాస్‌తో చివర్లో కలిపితే చాలు.