పొట్టేళ్లకి రాగి ఎక్కువై చనిపోతుంటే మేం ఏం చేశామంటే (నా అనుభవం)

మా బాబాయి సిద్దిపేట దగ్గర షెడ్డులో నెల్లూరు పొట్టేళ్లు మేపుతాడు, పోయిన ఎండాకాలం వాటిని లారీలో వేరే షెడ్డుకి మార్చిన కొద్దిరోజులకే బాగా బలిసినవే మేత మానేసి తల వాల్చేశాయి, కంటి రెప్ప తిప్పి చూస్తే పచ్చగా ఉంది, మూత్రం కాఫీ డికాక్షన్ రంగులో పోస్తున్నాయి. అందరూ పిడుదుల వల్ల వచ్చే జ్వరం అనుకున్నారు కానీ చనిపోయినదాన్ని డాక్టర్ గారు కోసి చూపిస్తే కిడ్నీలు నల్లగా, లివర్ పసుపుగా ఉన్నాయి, ఇది రాగి విషం అన్నారు.

దాణా చూస్తే కోళ్ల ఫారంలో మిగిలిన మేత, పైన ఆవుల మినరల్ మిక్చర్. ఆవుకి సరిపోయే రాగి గొర్రెకి ఎక్కువ, దాని లివర్ రాగిని సరిగా బయటికి పంపలేదు, వారాలు నెలలు లోపలే పేరుకుని, ప్రయాణం లాంటి ఒత్తిడి పడగానే ఒక్కసారిగా రక్తంలోకి వచ్చి ఎర్ర కణాల్ని పగలగొడుతుంది. అసలు కిటుకు మాలిబ్డినం అనే ఖనిజంలో, గంధకంలో ఉంది, ఈ రెండూ పొట్టలో కలిసి రాగిని పట్టేస్తాయి కాబట్టి మాలిబ్డినం తక్కువైతే మామూలు రాగి కూడా పేరుకుపోతుంది.

ఆ దాణా వెంటనే ఆపేశాం. డాక్టర్ గారే డోసు లెక్కేసి అమ్మోనియం మాలిబ్డేట్, సోడియం థయోసల్ఫేట్ (ఆ మాలిబ్డినం, గంధకం ఉన్న మందులే) రోజూ నోటితో 3 వారాలు పట్టించారు. మూత్రం నల్లబడినవి దక్కలేదు, బాగున్నట్టు కనిపించినవాటికీ పట్టించాం కాబట్టి అవి నిలబడ్డాయి. ఇప్పుడు గొర్రెల మిక్చరే, కిలో మేతలో రాగి 15 మిల్లీగ్రాములు దాటకుండా. అలాగని మాలిబ్డినం సొంతంగా పోయకండి, తల్లి గొర్రెల్లో రాగి మరీ తగ్గిపోతే పుట్టే పిల్లలకి వెనక కాళ్లు పడిపోతాయి.